సోలార్ రెండున్నరకే వస్తుంటే బిల్లు ఎందుకు తగ్గట్లేదు?

బిల్లులో ట్రూఅప్ (పాత ఖర్చు అంచనా దాటితే తర్వాత వసూలు చేసే తేడా) పడిన ప్రతి నెలా మన సిక్కోలు, విజయనగరం గ్రూపుల్లో ఒకటే గోల. ఒకాయన "సోలార్ యూనిట్ రెండున్నరకే వస్తోంది కదా, ఇంకా ఈ బొగ్గు దేనికి?" అంటాడు. ఆ కిందే ఇంకొకాయన "రాత్రి ఎండ కాస్తుందేటి?" అని కామెంట్ పెడతాడు. ఇద్దరి మాటలోనూ సగం నిజముంది. కానీ లెక్క ఇద్దరూ వెయ్యరు. ఏడాదికి 8,760 గంటలు. ప్రతి గంటా అడిగినంత కరెంటు ఇవ్వాలి, మొత్తం ఖర్చు తక్కువలో తేలాలి. ఒక ప్లాంటు రేటు చూసి ఈ ప్రశ్నకి జవాబు చెప్పడం కుదరదు.

ప్లాంటుకి రెండు ఖర్చులు. ఒకటి స్థిర ఖర్చు: అప్పు, వడ్డీ, జీతాలు, మెయింటెనెన్స్. ఫైనాన్స్‌లో కొన్న లారీకి, అది రోడ్డు మీదున్నా షెడ్డులో ఉన్నా, కిస్తీ ఆగదు కదా, అలాగ. రెండోది చర ఖర్చు, అంటే ఇంధనం. లెక్క కోసం కొత్త బొగ్గు ప్లాంటు స్థిర ఖర్చు మెగావాటుకి ఏడాదికి 1.2 కోట్లు, బొగ్గు ఖర్చు యూనిట్‌కి 3.50 అనుకుందాం. ఏడాదికి 7,000 గంటలు తిరిగితే యూనిట్ 5.20 పడుతుంది. 3,500 గంటలే తిరిగితే 6.90 దాటుతుంది. వాడకం బాగా పెరిగే సాయంత్రం పీక్ కోసం 1,000 గంటలు మాత్రమే తిప్పితే 15.50. అదే ప్లాంటు, అదే బొగ్గు. "బొగ్గు కరెంటు ఎంత?" అని అడిగేవాడు ముందు "ఎన్ని గంటలకి?" అని అడగాలి.

ఇప్పుడు పక్కన గ్యాస్ టర్బైన్ పెట్టి చూడండి. స్థిర ఖర్చు 50 లక్షలే, కానీ దిగుమతి గ్యాస్‌తో యూనిట్‌కి 12 రూపాయలు అనుకుందాం. ఏడాదికి సుమారు 820 గంటల లోపు అవసరానికి గ్యాసే చౌక, ఆ పైన బొగ్గు. ప్లానింగ్‌లో మొదటి పాఠం ఇదే. గోదావరి జిల్లాల్లో కేజీ బేసిన్ గ్యాస్‌ని నమ్ముకుని కట్టిన ప్లాంట్లు ఆ గ్యాస్ పడిపోగానే పడుకున్నాయి. లెక్క తప్పు కాదు, ఇంధనం వస్తుందనే ఊహ తప్పు.

సోలార్ వచ్చాక ఈ పాత పద్ధతి ఒక్కటీ చాలదు. మధ్యాహ్నం సోలార్ ఎక్కువైతే బొగ్గు యూనిట్లు, అంటే ప్లాంటులో కరెంటు తీసే ఒక్కో యంత్రం, లోడు దించాలి. పరవాడ సింహాద్రి థర్మల్ ప్లాంటులో ఒక్కో యూనిట్ 500 మెగావాట్లు. కేంద్ర విద్యుత్ సంస్థ సీఈఏ 2023 నిబంధనల ప్రకారం ముందు 55 శాతం దాకా, అంటే 275 దాకా, తర్వాత దశలవారీగా 40 శాతం దాకా దించగలగాలి. కిందికి వెళ్లేకొద్దీ బాయిలర్‌లో మంట నిలకడ తప్పుతుంది, నిలబెట్టడానికి ఆయిల్ కాల్చాలి, ఒక్కో యూనిట్ కరెంటుకి పట్టే బొగ్గు పెరుగుతుంది, రోజూ వేడెక్కి చల్లారి ట్యూబులు అలిసిపోయి లీకవుతాయి. పోనీ ఆపేద్దామా అంటే, పూర్తిగా చల్లారిన యూనిట్‌ని మళ్లీ వెలిగించి లోడుకి తేవడానికి పది పన్నెండు గంటలు. సాయంత్రం ఆరింటికి అదే కావాలి! అందుకని నష్టానికైనా మధ్యాహ్నం తిప్పుతూనే ఉంటారు. రెండున్నర సోలార్ వెనకాల ఈ ఖర్చు ఎవరూ రాయరు, మన బిల్లులో మాత్రం కలుస్తుంది.

అలాగని సోలార్ దండగ అనేవాళ్లు గెలిచారనుకోవద్దు. బ్యాటరీ లెక్క చూడండి. 2022లో కేంద్ర సోలార్ సంస్థ సెకి టెండర్లో బ్యాటరీ అద్దె మెగావాటుకి నెలకి దాదాపు 10.8 లక్షలు పలికింది. 2025కి కేంద్రం ఇచ్చే సాయం కలుపుకుని రెండుంపావు లక్షల కంటే కొంచెం కిందికి దిగింది. మెగావాటు చొప్పున రెండు గంటలిచ్చే బ్యాటరీ, ఏడాదికి 350 సార్లు నింపి వాడితే 7 లక్షల యూనిట్లు. అద్దె 26 లక్షల చిల్లర, అంటే యూనిట్‌కి 3.80. లోపలే 15 శాతం పోతుంది గనక నింపే సోలార్‌కి 2.95 పడుతుంది. మొత్తం 6.75 లోపు. పైన వెయ్యి గంటల బొగ్గుకి 15.50 వచ్చిందని గుర్తుంది కదా? పీక్‌కి కొత్త బొగ్గు యూనిట్ కడతామనేవాళ్లు ముందు ఈ లెక్కకి జవాబు చెప్పాలి.

కాకపోతే ఈ బ్యాటరీ రెండు గంటలదే. మూడు రోజులు ముసురు పడితే దాన్ని నింపేదెవరు? 2023 ఆగస్టు 1901 తర్వాత అన్నిటికంటే పొడి ఆగస్టు. వర్షం లేదు, గాలి తగ్గింది, మోటార్లు, ఏసీలు ఆగలేదు. సెప్టెంబరు మొదట్లో దేశం పీక్ 240 గిగావాట్లు (గిగావాటంటే వెయ్యి మెగావాట్లు) దాటింది. ప్లాన్‌ని పరీక్షించాల్సింది అలాంటి వారంతోనే. ఏ ప్లాంట్లు కట్టాలో లెక్కేసే కంప్యూటర్ మోడల్‌ని సగటు రోజు పెట్టి నడిపితే ఏ ప్లాన్ అయినా పాసవుతుంది. 2023 ఏప్రిల్లో సీఈఏ 2029-30 కోసం ఇచ్చిన రిపోర్టు చూడండి. 292 గిగావాట్ల సోలార్, 41 గిగావాట్ల పైన బ్యాటరీలు పెట్టి కూడా బొగ్గుని 250 దగ్గరే ఉంచారు. అది బొగ్గు మీద ప్రేమతో కాదు.

మోడల్‌లో ఇంకో మోసం ఉంది. కరెంటు కోతకి ధర పెట్టకపోతే, కంప్యూటర్ దృష్టిలో అన్నిటికంటే చౌకైన ప్లాంటు కోతే. 2022 ఏప్రిల్లో మన రాష్ట్రంలో పరిశ్రమలకి పవర్ హాలిడే ఇచ్చారు, నిరంతరం నడిచేవాటిని సగం లోడుకి దిగమన్నారు. బొబ్బిలి వైపు ఫెర్రో ఎల్లాయిస్ (ఉక్కు తయారీలో కలిపే లోహాలు) ఫర్నేసులు టన్నుకి మూడున్నర వేల యూనిట్లకి పైగా తాగుతాయి. వాటిని సగంలో నడిపితే పోయే డబ్బు మనకి కరెంటిచ్చే ఈపీడీసీఎల్ ఖాతాలో కనపడదు. డీజిల్ జనరేటర్ యూనిట్ 28, 30 రూపాయలు. కోతకి కనీసం ఆ ధరైనా వెయ్యాలి.

ఇక మన శ్రీకాకుళం జిల్లా పేరెత్తితే మోడల్‌లో సున్నాలే. థర్మల్ ప్లాంట్లకి చూసిన చిత్తడి నేలలు, సోంపేట బీల, కాకరాపల్లి తంపర, ఫైళ్లలో "ఖాళీ భూమి". చేపలు, వరి, పశువుల మేత, వానాకాలంలో నీళ్లాగే చోటు, అన్నిటి ధరా సున్నా. 2010లో సోంపేటలో, 2011లో కాకరాపల్లిలో పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు, ఆ ప్లాంట్ల నుంచి కరెంటు మాత్రం రాలేదు. ఇక్కడి ప్రైవేటు ప్లాంట్ల కోసమని వేసిన 765 కేవీ లైను మాత్రం అంగుల్ నుంచి శ్రీకాకుళం మీదుగా వేమగిరి దాకా నిలబడింది, తూర్పు రాష్ట్రాల కరెంటు దాని మీద వస్తోంది. అది అదృష్టం, ప్లానింగ్ అనకండి.

కొవ్వాడలో అనుకుంటున్న అణు ప్లాంటు సంగతీ అంతే. ఆరు యూనిట్లు, ఒక్కోటి 1,208 మెగావాట్లు. అణు విద్యుత్తులో ఇంధనం స్వల్పం, ఖర్చంతా కట్టడం మీదే. మెగావాటుకి 20 కోట్లు అనుకుని, పదేళ్లు సమానంగా ఖర్చు పెడుతూ, 10 శాతం వడ్డీ వేస్తే, స్విచ్ వేసేనాటికి అది 32 కోట్లవుతుంది. ఆ పైన ఒక్క ఏడాది ఆలస్యమైతే ఇంకో మూడు కోట్లు. అణు విద్యుత్ మంచిదా చెడ్డదా అని వాదించే ముందు, ఎన్నేళ్లలో కడతారని రాశారో చూడండి.

ఉద్దానం వైపు సోలార్ పెట్టినా ఇదే తీరు. మన కోస్తాకి సెకనుకి 50 మీటర్ల గాలికి డిజైన్ చెయ్యాలి. ఉక్కు, పునాది అనంతపురం కంటే ఎక్కువ పడతాయి. అక్కడి రెండున్నరని ఇక్కడికి కాపీ కొడితే, తిత్లీ లాంటి తుపాను ఒక్కటి వస్తే చాలు, తేడా తెలుస్తుంది.

ఛార్జీల మీద రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఏపీఈఆర్సీ ప్రజాభిప్రాయ విచారణ పెట్టినప్పుడు అభ్యంతరాలు రాతపూర్వకంగా తీసుకుంటుంది. "ఛార్జీలు పెంచొద్దు" అని ఒక్క వాక్యం రాసి రావద్దు. గడిచిన ఏడాది గంటల వారీ డిమాండ్, ఏ ప్లాంటు ఏడాదికి ఎన్ని గంటలు తిరిగిందీ, కోతకి వేసిన ధర ఎంత, ఈ మూడూ అడగండి. ఎక్సెల్ ఫైల్లో అడగండి. స్కాన్ చేసిన పీడీఎఫ్ ఇస్తే వెనక్కి పంపించండి.