మేం డబ్బులిచ్చి చూసిన పల్లెటూరాయన ఎక్కడ?

జార్జియా రాష్ట్రానికి వచ్చి పదకొండేళ్ళయింది, ఇంతవరకూ నాకు అసలు సరుకు కంటపడలేదు. దీన్ని ఒక వినియోగదారుడి ఫిర్యాదుగా తీసుకోండి. అమెరికా దక్షిణాది పల్లెటూరి తెల్లవాడు ఎలా ఉండాలో నేను అనంతపురంలో ఉన్నప్పుడే కేబుల్ టీవీలో చూసి నేర్చుకున్నాను. ఓవరాల్సు వేసుకోవాలి, లోపల చొక్కా ఉండకూడదు. ముందరి పళ్ళు రెండైనా తక్కువుండాలి. వరండాలో ఊగే కుర్చీ, ఒళ్ళో తుపాకి, ఇంటిముందు ఇటుకలమీద నిలబెట్టిన చక్రాల్లేని కారు, పెళ్ళాం బాబాయి కూతురైతే మరీ మంచిది. ఇన్నేళ్ళలో ఈ లక్షణాలన్నీ ఉన్న మనిషి ఒక్కడంటే ఒక్కడు తగల్లేదు. మా వీధి చివర గడ్డికోసే ఆయనకి కొంత అర్హత ఉందనుకున్నాను, ఒకరోజు పలకరిస్తే ఆయన సొంతూరు ఉత్తరాదిలోని ఒహాయో అని తేలింది.

ఈ విషయంలో మా ఆఫీసులో ఒకాయన నాకు గురువు. ఉత్తరాదిన మాసచూసెట్స్ రాష్ట్రంలోని బోస్టన్ నుంచి వచ్చాడు, చాలా సంస్కారి. ఏ దేశంవాణ్ణీ ఏ మతంవాణ్ణీ పల్లెత్తు మాట అనడు, నా పేరు తప్పు పలికితే రెండుసార్లు సారీ చెబుతాడు. ఎవరి నేపథ్యాన్నీ కించపరచకూడదని ఏటా పెట్టే ఆన్‌లైన్ ట్రైనింగు అందరికంటే ముందు ముగించేది ఆయనే. అది అయిన అరగంటకి లంచ్ దగ్గర కూర్చుని, ఉత్తర జార్జియా కొండల్లో పెట్రోలు బంకువాడు ఎలా మాట్లాడాడో యాస పెట్టి, కింది పెదవి వేలాడేసి మరీ నటించి చూపిస్తాడు. మేమందరం నవ్వుతాం. ట్రైనింగు సిలబస్‌లో బంకువాడు లేడు కదా. మొన్న శరదృతువులో ఆకులు ఎర్రబడటం చూద్దామని మేం కొండలవైపు బయల్దేరుతుంటే, "బాంజో వినపడితే మాత్రం కారు ఆపకు" అని జాగ్రత్త చెప్పాడు.

బాంజో అంటే ఒక తీగల వాయిద్యం, దాని కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 1972లో 'డెలివరెన్స్' అనే సినిమా వచ్చింది. నలుగురు అట్లాంటా పెద్దమనుషులు పడవలేసుకుని నదిలో పోతే కొండల్లో మనుషులు వాళ్ళనేం చేశారన్నది కథ. మొదట్లో ఒక కుర్రాడు, పాలిపోయిన మొహం, ఒక్క మాట మాట్లాడడు, బాంజో మాత్రం అదరగొడతాడు. సినిమా తీసింది మేం వెళ్తున్న రేబన్ కౌంటీలోనే. కుర్రాడు కూడా అక్కడి బడిపిల్లాడే, సినిమావాళ్ళు ఏరి తెచ్చుకున్నారు. చిక్కేమిటంటే వాడికి బాంజో రాదు. అందుకని బాంజో వాయించడం తెలిసినవాణ్ణొకణ్ణి వాడి వెనకాల నక్కించి, ఆ వెనకవాడి చేతిని కుర్రాడి చొక్కా చేతిలోంచి దూర్చి తీగలమీద ఆడించారు. మనకి వినపడే సంగీతం న్యూయార్క్ వాద్యకారుడు ఎరిక్ వైస్‌బర్గ్, ఇంకొకాయనతో కలిసి వాయించి రికార్డు చేసింది. బాణీ దక్షిణ కరోలినాలో పుట్టిన ఆర్థర్ స్మిత్ 1955 నాటికే కట్టి వాయించింది, ఆయన పేరు వెయ్యకపోతే కోర్టుకెళ్ళి గెలిచాడు. అంటే పాట పల్లెవాడిది, వాయిద్యం పట్నంవాడిది, చెయ్యి ఇంకెవడిదో. కుర్రాడిది అందులో మొహం ఒక్కటే, అదే యాభై ఏళ్ళుగా అందరికీ గుర్తున్నది.

ఇక బాబాయి కూతురి సంగతి. మేనరికాలు చేసుకునే జాతివాళ్ళం, మనం ఈ జోకుకి నవ్వడంలో ఉన్న అందం నేను వేరే చెప్పక్కర్లేదు. నా సొంత అత్తామామలే వరసకి ఏమవుతారో బోస్టన్ గురువుగారికి ఇంతవరకూ చెప్పలేదు. కానీ కుతూహలం కొద్దీ చట్టాలు చూశాను. దక్షిణాది రాష్ట్రాలైన కెంటకీ, వెస్ట్ వర్జీనియా, ఆర్కన్సా, మిసిసిపీల్లో అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పిల్లలు పెళ్ళి చేసుకోవడం నిషేధం. న్యూయార్క్‌లో, కాలిఫోర్నియాలో, గురువుగారి మాసచూసెట్స్‌లో నిక్షేపంగా చేసుకోవచ్చు.

ఇన్ని లోపాలున్న అసలు మనుషులతో పని జరగదని సినిమావాళ్ళు ఎప్పుడో తెలుసుకున్నారు. అందుకే సరుకు బయట్నుంచి తెప్పిస్తారు. 1939లో జార్జియా కథ 'గాన్ విత్ ద విండ్' నాయిక వివియన్ లీ బ్రిటిష్ నటి. జోంబీల సీరియల్లో జార్జియా పోలీసు వేషం వేసిన ఆండ్రూ లింకన్‌దీ లండనే. 'కోల్డ్ మౌంటెన్' అయితే ఉత్తర కరోలినా కొండల కథ, హీరో జూడ్ లా ఇంగ్లండువాడు, షూటింగు ఎక్కువభాగం రుమేనియాలో. అక్కడి కొండలకి కూడా అక్కడి కొండల్లా నటించడం చేతకాలేదన్నమాట.

అలాగని స్థానికులకి అవకాశాలు లేవని కాదు, కాకపోతే ముందు వేషం కట్టాలి. లారీ ద కేబుల్ గై అని, చేతుల్లేని చొక్కాతో, సాగదీసే యాసతో స్టేడియాలు నింపిన కమెడియన్ ఒకాయన ఉన్నాడు, ఆయన పుట్టింది దక్షిణాది కాని నెబ్రాస్కాలో. యాస తర్వాత తగిలించుకున్నది. "ఇలా చేస్తే నువ్వు రెడ్‌నెక్ (అంటే మోటు పల్లెటూరి తెల్లవాడు) కావచ్చు" అనే ఒకే వరస జోకుతో కోట్లు గడించిన జెఫ్ ఫాక్స్‌వర్తీ మాత్రం జార్జియావాడే. కానీ ఆయన జార్జియా టెక్‌లో చదివి, ఐబీఎంలో కంప్యూటర్లు బాగుచేసినవాడు. అంటే ఒకరకంగా మనవాడు.

ఇందులో నాకు సానుభూతి ఉంది. మాది సీమ. హైదరాబాదులో ఇంజినీరింగ్ చేరిన మొదటి వారం హాస్టల్లో అడిగిన ప్రశ్న, మీ ఇంట్లో బాంబులెన్ని అని. మా నాన్న లెక్కల మాస్టారు, ఆయన జీవితంలో విసిరిన ఆయుధం డస్టరొక్కటే. పదిసార్లు వివరించి చూశాను, ఎవరికీ రుచించలేదు. విసుగొచ్చి "రెండు" అన్నాను. నాలుగేళ్ళు నా బకెట్ ఎవరూ ముట్టుకోలేదు.

దక్షిణాదివాడు సోమరి అన్నమాటకి మాత్రం శాస్త్రీయ ఆధారం ఉంది. 1902లో చార్లెస్ స్టైల్స్ అనే పరాన్నజీవుల శాస్త్రవేత్త, ఆ ప్రాంతంలో కొంకిపురుగు విపరీతంగా ఉందని బయటపెట్టాడు. చెప్పుల్లేకుండా నడిస్తే కాళ్ళలోంచి ఎక్కి పేగుల్లో చేరి రక్తం పీలుస్తుంది, మనిషి పాలిపోయి, ఎక్కడ కూర్చుంటే అక్కడే ఉండిపోతాడు. పత్రికలు సంబరపడి దానికి 'సోమరితనపు క్రిమి' అని పేరు పెట్టాయి. 1909లో రాక్‌ఫెల్లర్ పది లక్షల డాలర్లిచ్చి నిర్మూలన మొదలుపెట్టించాడు, పరీక్షించిన పిల్లల్లో దాదాపు 40 శాతం మందికి పురుగుంది. దానికి తోడు మొక్కజొన్న పిండితోనే బతికేవాళ్ళకి పెల్లాగ్రా అనే విటమిన్ లోపపు జబ్బు. మన దగ్గర జొన్న సంకటి తినేవాళ్ళలో ఇదే జబ్బుని హైదరాబాదు పోషకాహార సంస్థలో గోపాలన్ గారు పరిశోధించారు. మందులు, తిండి, మరుగుదొడ్లు వచ్చి జబ్బులు తగ్గాయి. కార్టూన్లో మనిషి మాత్రం ఇంకా చెప్పుల్లేకుండానే కూర్చుని ఉన్నాడు.

జాత్యహంకారం మాటేమిటంటారా? ఉంది, దాన్ని కాదనేవాడు ఇక్కడి చరిత్ర చదవనట్టే. కానీ 1901లో అలబామా రాజ్యాంగం రాసి నల్లవాళ్ళ ఓట్లు ఊడగొట్టినవాళ్ళు లాయర్లు, భూస్వాములు, శుభ్రంగా గడ్డం గీసుకున్నవాళ్ళు. అందులో ఓటుకి ముందు కట్టాలని పెట్టిన పోల్ టాక్సు అనే పన్ను కట్టలేక బీద తెల్లవాళ్ళకీ బోలెడన్ని ఓట్లు పోయాయి. తీరా సినిమాలో ఆ పాపం మోసేది మాత్రం పిక్కప్ ట్రక్కులో పళ్ళులేనివాడు. పెద్దింటి లాయరు మొహానికి మేకప్ ఖర్చెక్కువ కాబోలు.

సరే, మా ప్రయాణం. క్లేటన్ ఊరు దాటాక రోడ్డుపక్క అట్టముక్కమీద చేత్తో రాసిన బోర్డు, ఉడకబెట్టిన వేరుశెనక్కాయలని. ఎండబెట్టినవి కాదు, మనలాగే పచ్చివి, తొక్కతోనే, ఉప్పునీళ్ళలో. బ్రేకేశాను. పెద్ద గిన్నె, కింద గ్యాసు మంట, మూత తియ్యగానే మా ఊరి సంత వాసన. పెద్దాయనకి డెబ్బై ఉంటాయి, ఇస్త్రీ చొక్కా, కనిపించినంతవరకూ పళ్ళన్నీ ఉన్నాయి, నాకంటే ఒకటి ఎక్కువే. నిరాశపడ్డాను. మా ఆవిడ ఒకటి ఒలిచి నోట్లో వేసుకుని "ఉప్పు బాగా పట్టింది" అంది తెలుగులోనే, ఆయన తలూపి ఇంకో గరిటె వేశాడు.

"అట్లాంటా వాళ్ళా?" అన్నాడు నన్ను చూసి.

మెట్రో ఏరియా అంతా అట్లాంటాయే కాబట్టి అవునన్నాను.

"కారు నా దారికి అడ్డంగా పెట్టినప్పుడే అనుకున్నా."

సోమవారం ఆఫీసులో గురువుగారు కాఫీ కప్పుతో వచ్చి, కళ్ళెగరేస్తూ, బాంజో వినపడిందా అని అడిగాడు. చుట్టూ నలుగురు తిరిగి చూశారు. వేరుశెనక్కాయల సంగతి చెబుదామని నోరు తెరిచాను.

"రెండు," అన్నాను.