చిప్పుల చర్చలో చోటు దక్కని అనలాగ్ విద్య

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి ఒక టీవీ మరమ్మతు దుకాణంలో ఈ మధ్య కొంతసేపు కూర్చున్నాను. మాట వినిపిస్తున్నా బొమ్మ రాని ఎల్‌ఈడీ టీవీ బల్ల మీద ఉంది. మెకానిక్ గదిలో లైటు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చిని తెరకు ఆనించి ఏటవాలుగా చూశారు. వెలుగు పడినంత మేర వార్తలు చదివే మనిషి ముఖం మసకగా తేలింది. అంటే ప్యానెల్ బాగానే ఉంది, వెనుక వెలగాల్సిన ఎల్‌ఈడీ పట్టీలోనో, దానికి కరెంటు అందించే డ్రైవరులోనో లోపం ఉంది. "పట్టీ అయితే మారుస్త సార్. డ్రైవరైతే బోర్డే మార్చుడు. దీని సర్క్యూట్ కాగితం ఎవరూ ఇయ్యరు" అన్నారాయన.

మూడు దశాబ్దాల క్రితం ఇలాంటి బల్లల మీద ఆ కాగితం పరిచే ఉండేది. తెర మధ్యలో అడ్డంగా ఒక్క గీతే మిగిలితే బొమ్మను పైనుంచి కిందికి పరిచే వర్టికల్ సెక్షన్‌ను, ముఖ్యంగా టీడీఏ 1170 వంటి ఐసీని (చిప్పును) అనుమానించేవారు. కొత్త ట్రాన్సిస్టర్ వేశాక నేరుగా కరెంటు ఇవ్వకుండా 100 వాట్ల బల్బును సీరీస్‌లో కలిపేవారు. బల్బు నిండుగా వెలిగితే లోపల ఇంకా షార్ట్ ఉన్నట్టే. అంకెలుగా మార్చకుండా వోల్టేజి హెచ్చుతగ్గులతోనే పనిచేసే అనలాగ్ ఎలక్ట్రానిక్స్‌లో పేరు మోసిన ఆవిష్కరణలు చాలావరకు ఈ తరహా ఆలోచనకు దగ్గరి చుట్టాలు. ఉన్న భాగాలనే వేరుగా అమర్చి, ఒకదాని లోపాన్ని ఇంకొకదానితో సరిదిద్దడం వాటి పద్ధతి. సెమీకండక్టర్ల పేరిట వేల కోట్ల లెక్కలు చెప్పుకుంటున్న మనం ఈ విద్యను ఏ పద్దులోనూ రాసుకోవడం లేదన్నదే నా అభ్యంతరం.

పాత టీవీలో ఒక్కో గీతను ఎడమ నుంచి కుడికి గీయించే హారిజాంటల్ సెక్షన్‌నే చూద్దాం. మన ప్రమాణంలో చిత్రానికి 625 గీతలు, సెకనుకు 25 చిత్రాలు, అంటే సెకనుకు 15,625 గీతలు. టీవీ వేయగానే పిల్లల చెవులకు వినిపించి పెద్దలకు వినిపించని సన్నని కూత దీనిదే. ఒక్కో గీతకు దక్కే 64 మైక్రోసెకన్లలో, కుడి అంచు చేరిన ఎలక్ట్రాన్ పుంజం ఎడమకు తిరిగి రావడానికి 12 లోపే సరిపెట్టుకోవాలి. అంత తక్కువ వ్యవధిలో కాయిల్‌లోని కరెంటు దిశ మారాలంటే వోల్టేజి ఒక్కసారిగా ఎగదన్నుతుంది. అది ట్రాన్సిస్టర్‌ను బలిగొనే బెడద, అందుకే 1,500 వోల్టులకు తట్టుకునే బీయూ 208 వంటివి వాడారు. కానీ ఇంజినీర్లు ఆ పోటును అణచి ఊరుకోలేదు. దాన్నే ట్రాన్స్‌ఫార్మర్‌తో పెంచి, పిక్చర్ ట్యూబుకు కావలసిన వేల వోల్టుల ఈహెచ్‌టీని (అత్యధిక వోల్టేజిని) అక్కడి నుంచే రాబట్టారు. కలర్ టీవీలో అది 20 వేలు దాటుతుంది. కాయిల్‌లో మిగిలిన శక్తిని కరెంటును ఒకవైపే పోనిచ్చే డాంపర్ డయోడ్ గుండా మళ్లించి, తర్వాతి గీతలో ఎడమ భాగాన్ని దానితోనే గీయించారు. వృథాగా పోయేదాన్ని ఇంత పొదుపుగా వాడుకున్న సర్క్యూట్ మన ఇళ్లలోకి మరొకటి వచ్చిందని నేననుకోను.

రంగుల విషయంలోనూ ఇదే తీరు కనిపిస్తుంది. ప్రసారంలో రంగు సంకేతపు ఫేజ్ (తరంగం లేచి పడే సమయం) కాస్త జరిగితే మనిషి ముఖం పచ్చబారుతుంది. టెలిఫంకెన్ సంస్థలో వాల్టర్ బ్రూఖ్ 1963లో చూపిన పాల్ అనే రంగుల ప్రసార పద్ధతి ఆ జరుగుబాటును ఆపదు. గీత విడిచి గీతకు సంకేతంలో ఒక భాగాన్ని తిరగేస్తుంది కాబట్టి, ఒక గీతలో ఎటు తప్పు జరిగితే పక్క గీతలో దానికి ఎదురు దిశలో జరుగుతుంది. ఒక గీత సంకేతాన్ని గాజు దిమ్మెలో ధ్వని తరంగంగా నడిపించి, 64 మైక్రోసెకన్లు ఆలస్యం చేసి, తర్వాతి గీతతో కలిపి సగటు తీస్తే రంగు సరిపోతుంది, గాఢత మాత్రం కొద్దిగా తగ్గుతుంది. 1982లో మన దేశంలో మొదలైన కలర్ ప్రసారాలు ఈ పద్ధతిలోనివే.

ఐసీలు వచ్చాక ఈ తెలివి సిలికాన్ పలక మీదికి చేరింది. పలక మీద తయారైన రెసిస్టర్ విలువ అనుకున్నదానికి చాలా తేడాగా రావచ్చు, కానీ పక్కపక్కన పుట్టిన రెండు ట్రాన్సిస్టర్లు కవలల్లా ఉంటాయి. కచ్చితమైన విలువను వదిలి నిష్పత్తిని నమ్ముకుని డిజైన్ చేయవచ్చని గట్టిగా చూపినవారిలో అమెరికా ఐసీ డిజైనర్ రాబర్ట్ విడ్లర్ ముఖ్యుడు. వేడి మారినా మారని వోల్టేజిని ఇచ్చే ఆయన బ్యాండ్‌గ్యాప్ రిఫరెన్స్ సర్క్యూట్ గురించి కొంత చెప్పుకోవాలి. ట్రాన్సిస్టర్‌కు బేస్, ఎమిటర్ అనే రెండు కాళ్ల మధ్య వోల్టేజి ఒక్కో డిగ్రీ వేడికి సుమారు 2 మిల్లీవోల్టులు పడిపోతుంది. వేర్వేరు కరెంటు సాంద్రతలతో నడిచే రెండు ట్రాన్సిస్టర్ల మధ్య ఆ వోల్టేజిలో ఉండే తేడా మాత్రం వేడితో పెరుగుతుంది. పెరిగేదాన్ని తగినంత హెచ్చించి, తగ్గేదానికి కలిపితే, పాలమూరు మే నెల ఎండలోనూ జనవరి తెల్లవారుజామునా దాదాపు కదలకుండా 1.2 వోల్టుల చిల్లర నిలుస్తుంది. రెండూ దోషాలే, కలిపితే కొలబద్ద అయ్యాయి.

మన దగ్గర దీనికి పునాది లేదనలేం. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ చూపిన సైట్ ప్రయోగానికి సెట్లు తయారుచేసింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. కోళ్ల దొడ్డికి కట్టే జాలీ లాంటి దానితో అల్లిన మూడు మీటర్ల గొడుగు యాంటెన్నా ఊళ్లలో సంకేతాన్ని అందుకుంది. తర్వాతి కాలంలో సెట్లు పెరిగాయి, దుకాణాలు పెరిగాయి, లోపలి ఐసీల డిజైన్ మాత్రం ఎక్కువగా బయటి నుంచే వచ్చింది. మరమ్మతు వేరు, డిజైన్ వేరు అని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. మెకానిక్‌కు లోపం జాడ తెలుస్తుంది, గణితం తెలియకపోవచ్చు. ఇంజినీరింగ్ పట్టాదారుకు గణితం వస్తుంది, కాలిన రెసిస్టర్ వాసన తెలియదు. ఈ ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే ఏర్పాటు మన జిల్లాల్లో ఎవరూ చేయలేదు.

2021 డిసెంబరులో కేంద్రం 76,000 కోట్ల రూపాయల సెమీకండక్టర్ పథకం ప్రకటించినప్పటి నుంచి చర్చంతా చిప్పు మీది భాగాలను ఎంత చిన్నవిగా చేయగలమనే నానోమీటర్ల లెక్క చుట్టూ తిరుగుతోంది. అనలాగ్‌కు ఆ పోటీ అంతగా అక్కరలేదు. మొహాలీలోని ప్రభుత్వ కర్మాగారం చేయగల 180 నానోమీటర్ల పద్ధతి చాలా పనులకు సరిపోతుంది. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో వస్తున్న లిథియం బ్యాటరీల పరిశ్రమనే తీసుకోండి. సెల్ వోల్టేజిని కొద్ది మిల్లీవోల్టుల తేడాతో కొలవకపోతే బ్యాటరీ ఆయుష్షూ భద్రతా రెండూ దెబ్బతింటాయి, ఆ కొలతకు ఆధారం మళ్లీ బ్యాండ్‌గ్యాప్ రిఫరెన్సే. ఎన్‌జీస్పైస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దాన్ని పాలమూరు, మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయాల ప్రయోగశాలల్లోని మామూలు కంప్యూటర్ మీదే నమూనాగా నడిపి పరీక్షించవచ్చు. పాలిటెక్నిక్ విద్యార్థిని ఒక సెమిస్టరు పాటు మరమ్మతు బల్ల దగ్గరికి పంపడానికీ పెద్ద ఖర్చేమీ కాదు. ఐసీ లేఅవుట్‌కు (లోపలి భాగాల అమరికకు) 2000 నాటి చట్టం పదేళ్ల రక్షణ ఇస్తుంది కాబట్టి, చిన్న డిజైన్ చేసినవారికీ హక్కు దక్కే దారి ఉంది.

ఆ రోజు దుకాణంలోని బోర్డు మీద డ్రైవర్ ఐసీ పేరును తయారీదారులే గీకేశారు. మెకానిక్ మల్టీమీటర్ ముల్లును ఒక్కో కాలికి ఆనిస్తూ పోయారు. ఒకచోట మీటర్ 1.24 వద్ద ఆగింది. "రిఫరెన్స్ వస్తున్నది సార్, ఐసీ బతికే ఉన్నది" అంటూ డ్రైవర్ బోర్డును పక్కన పెట్టి, ప్యానెల్ వెనుక స్క్రూలు విప్పడం మొదలుపెట్టారు.