షిప్పింగ్ బిల్లు మీద ఉండేది సీహెచ్‌ఏ పేరు కాదు, మీ పేరు

పలాస, కాశీబుగ్గ జీడిపప్పు వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "ఎగుమతి చాలా ఈజీ. షిప్పింగ్ బిల్లు సీహెచ్‌ఏ పని, మనం తల దూర్చక్కర్లేదు. విలువ కొంచెం తగ్గించి రాయిస్తే సేఫ్. బరువు ఉజ్జాయింపుగా చెబితే చాలు. ఓడ కదిలాక ఎవరూ ఏమీ అడగరు. జీఎస్టీ నంబరుంటే ఇంకే రిజిస్ట్రేషనూ అక్కర్లేదు." షిప్పింగ్ బిల్లంటే ఎగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం, సీహెచ్‌ఏ అంటే దాన్ని మన తరఫున వేసే ఏజెంటు.

నిన్న మా వీధిలోని ఒక కుర్రాడు అది చూపించి "నిజమేనా అన్నా?" అని అడిగాడు. మొదటి కంటైనర్ పంపడానికి అప్పు చేసి సరుకు పోగు చేస్తున్నాడు. ఎగుమతి కాగితాలు చూడటమే నా పని కాబట్టి ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

సీహెచ్‌ఏ మాటలో సగం నిజం ఉంది. కస్టమ్స్ వాళ్ల ఐస్‌గేట్ పోర్టల్‌లో బిల్లు దాఖలు చేసేది ఎక్కువగా కస్టమ్స్ బ్రోకరే. పాత అలవాటుగా మనం సీహెచ్‌ఏ అంటాం. కానీ అందులోని వివరాలు నిజమని డిక్లరేషన్ ఇచ్చేది ఎగుమతిదారు. 1962 కస్టమ్స్ చట్టం 50వ సెక్షన్ ఆ మాటే చెబుతోంది. వివరాలు సరిగ్గా, పూర్తిగా ఉండేలా చూసుకోవడం ఎగుమతిదారు బాధ్యత అని 2018లో దానికి విడిగా చేర్చారు కూడా. ఏజెంటు చేసిన పని మీకు తెలిసే జరిగిందని 147వ సెక్షన్ భావిస్తుంది. కాదంటే నిరూపించుకోవాల్సింది మీరే.

బిల్లు వేసే ముందు సీహెచ్‌ఏ ఒక చెక్‌లిస్టు పంపుతాడు. లోడింగ్ హడావుడిలో, రాత్రి తొమ్మిదింటికి, ఫోన్‌లో పీడీఎఫ్‌గా వస్తుంది. చాలామంది తెరవకుండానే "ఓకే" కొడతారు. ఒకసారి నేనూ అలాగే కొట్టాను. లోడు మొత్తం గుండు పప్పు. కోడ్ 08013220 పడాలి, చెక్‌లిస్టులో 08013210 పడింది. అది ముక్క పప్పు కోడ్. తేడా ఒక్క అంకె. విశాఖ పోర్టులో అధికారి ఇన్‌వాయిస్ పక్కన పెట్టి చూసి ఆపేశారు. సవరణకు అర్జీ పెట్టి, అది ఆమోదం పొందేసరికి ఆ ఓడకు సరుకు చేర్చే గడువు (కటాఫ్) దాటిపోయింది. కంటైనర్ తర్వాతి ఓడకు వెళ్లింది. అన్నాళ్లు కంటైనర్ పోర్టులో ఉన్నందుకు గ్రౌండ్ రెంట్ మేమే కట్టాం. టైపు చేసింది వాళ్లే, కానీ ఓకే చెప్పింది నేను. అప్పటి నుంచి ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు పక్కన పెట్టుకుని చెక్‌లిస్టులో ప్రతి గడీ వేలుపెట్టి చదువుతాను. పావుగంట పని.

విలువ తగ్గించమనే సలహా ఈ మెసేజ్‌లో అన్నిటికన్నా ప్రమాదకరం. జీడిపప్పు మీద ఎగుమతి సుంకమే లేదు. మరి తగ్గించి మిగుల్చుకునేదేమిటి? కొన్నిసార్లు అవతలి కొనుగోలుదారే తన దేశంలో సుంకం తగ్గుతుందని అడుగుతాడు. లాభం అతనిది, అబద్ధం మన పేరు మీద. పైగా ఎగుమతిదారుకు ప్రభుత్వం తిరిగిచ్చే డ్రాబ్యాక్, రోడ్‌టెప్ లాంటివి సాధారణంగా ఎఫ్‌ఓబీ విలువ (సరుకు ఓడ ఎక్కేదాకా లెక్కేసిన ధర) మీద శాతంగా వస్తాయి. విలువ తగ్గిస్తే అవీ తగ్గుతాయి.

బ్యాంకు సంగతి ఇంకా పెద్దది. కస్టమ్స్ నుంచి లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ (సరుకు పంపుకోవచ్చనే అనుమతి) వచ్చాక బిల్లు వివరాలు, ఎగుమతుల డబ్బు వచ్చిందో లేదో గమనించే రిజర్వ్ బ్యాంకు ఈడీపీఎంఎస్ వ్యవస్థకు చేరతాయి. డబ్బు వచ్చేదాకా ఆ బిల్లు మీ బ్యాంకు దగ్గర బాకీలా కనిపిస్తుంది. లక్ష డాలర్ల సరుకును 80 వేలని రాయించారనుకోండి. లక్ష వచ్చి పడ్డప్పుడు మిగతా 20 వేలు దేనికని బ్యాంకు అడుగుతుంది. ఏం చెబుతారు? పూర్తి ఎగుమతి విలువను నిజంగా ప్రకటించాలని విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) 7వ సెక్షన్ అంటుంది. తెలిసి తప్పుడు వివరం ఇస్తే, కస్టమ్స్ చట్టం 114ఏఏ కింద సరుకు విలువకు 5 రెట్ల దాకా పెనాల్టీ వేయవచ్చు. చిన్న వ్యాపారి దాని నుంచి తేరుకోలేడు.

బరువు దగ్గర ఉజ్జాయింపు అసలు కుదరదు. 20 అడుగుల కంటైనర్‌లో 22.68 కిలోల కార్టన్లు 700 వేస్తే నికర బరువు 15,876 కిలోలు. దానికి కార్టన్లు, ప్యాకింగ్ సామాను కలిపితే గ్రాస్. ఖాళీ కంటైనర్ బరువు దాని తలుపు మీదే ఉంటుంది, అదీ కలిపితే వీజీఎం, అంటే నిర్ధారించిన మొత్తం బరువు. ఓడల భద్రతకు ఉన్న అంతర్జాతీయ ఒప్పందం సోలాస్ నిబంధన ప్రకారం 2016 జులై 1 నుంచి వీజీఎం ఇవ్వని కంటైనర్‌ను ఓడ ఎక్కించకూడదు. దాన్ని ఇవ్వాల్సింది షిప్పరే, అంటే మనమే. ఓడ మీద పెట్టెలు ఒకదానిపై ఒకటి పేరుస్తారు. బరువు తప్పు చెబితే ఆ వరుస కూలి అక్కడ పనిచేసే మనుషుల ప్రాణాల మీదకు వస్తుంది. కాటా చీటీకి అయ్యే ఖర్చు చూసుకుని దీన్ని వదిలేయకండి.

ఓడ కదిలాక అడగరన్నది కూడా తప్పు. చాలా కంటైనర్లు తెరవకుండానే వెళ్తాయన్నది వాస్తవమే, ఏవి తెరవాలో ఎంచే కస్టమ్స్ రిస్క్ వ్యవస్థ వాటిని వదిలేస్తుంది. కానీ లెక్కలు సరిచూసేది తర్వాతే. ఎగుమతి మీద ఐజీఎస్టీ పన్ను కట్టి పంపితే షిప్పింగ్ బిల్లే రీఫండ్ దరఖాస్తు. షిప్పింగ్ లైను ఓడలో వెళ్లిన సరుకుల జాబితా (ఈజీఎం) వేయాలి, మీరు జీఎస్టీఆర్-3బీ రిటర్ను వేయాలి. జీఎస్టీఆర్-1 రిటర్నులో, బిల్లులో ఇన్‌వాయిస్ నంబరు ఒకేలా ఉండాలి. ఒకచోట 17, ఇంకోచోట 017 అని ఉన్నా ఎస్‌బీ005 ఎర్రర్ పడి రీఫండ్ ఆగుతుంది. జీడి పిక్కలు కొనే సీజన్‌లో ఆ డబ్బు ఆగిపోతే ఎంత టెన్షనో పలాసలో ఎవరినడిగినా చెబుతారు. తప్పు దొర్లితే సవరణకు 149వ సెక్షన్ ఉంది. అయితే సరుకు వెళ్లేనాటికే ఉన్న కాగితాల ఆధారంగానే సవరిస్తారు, తర్వాత పుట్టించినవి చెల్లవు.

ఇక రిజిస్ట్రేషన్. కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ ఇచ్చే ఐఈసీ (ఎగుమతి, దిగుమతుల కోడ్) కావాలి. దాని నంబరు, మీ పాన్ నంబరు ఒకటే, బహుశా అందుకే ఈ గందరగోళం. ఎగుమతి డబ్బు వచ్చే మీ బ్యాంకును గుర్తించే ఏడీ కోడ్‌ను కస్టమ్స్‌లో నమోదు చేయించాలి. పన్ను కట్టకుండా పంపాలంటే జీఎస్టీ పోర్టల్‌లో ఎల్‌యూటీ (హామీపత్రం) వేయాలి, అది ఆ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. ఐఈసీ వివరాలను ఏటా ఏప్రిల్, జూన్ మధ్య ఆన్‌లైన్‌లో సరిచూసి నిర్ధారించాలి. మార్పులేమీ లేకపోయినా ఆ పని చేయాల్సిందే, లేకపోతే డీయాక్టివేట్ అవుతుంది. ఇప్పటికే అలా అయినవాళ్లు కంగారు పడొద్దు, పోర్టల్‌లో అప్‌డేట్ చేస్తే మళ్లీ పనిచేస్తుంది. కంటైనర్ బుక్ చేయకముందే ఒకసారి చూసుకోండి.