ఫారిన్ స్టెంటా, ఇండియన్ స్టెంటా అని అడగడం ఆపండి బాబూ

కాకినాడ, రాజమండ్రి, భీమవరం, గుండె రక్తనాళం మళ్లీ పూడుకోకుండా లోపల పెట్టే సన్నటి లోహపు జాలీ గొట్టం, అదే స్టెంట్, వేసే క్యాత్ ల్యాబ్ ఎక్కడిదైనా, బయట బంధువుల మొదటి మాట ఇదే: "డబ్బు చూడకండి డాక్టరు గారండీ, ఫారిన్‌ది వేసేయండి." చెరువుకు మేత కొంటే బస్తా మీద ప్రోటీన్ శాతం చదివి గానీ డబ్బులివ్వని మనిషి, గుండెలో పెట్టేదానికి దేశం పేరు అడిగి ఊరుకుంటాడు.

2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూత స్టెంట్‌కు (నాళం మళ్లీ పూడుకోకుండా ఆపే మందు పూసినది) 29,600 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. అంతకుముందు లక్ష దాటి అమ్మినవే అవి. ధర దిగింది గానీ ఖరీదైనదే మంచిదన్న భ్రమ దిగలేదు.

తేడా లేదని కాదు. పూత లేని ఉత్త లోహపు స్టెంట్లు నలుగురైదుగురిలో ఒకరికి మళ్లీ పూడుకుపోయేవి. మొదటి తరం పూత స్టెంట్లు అది తగ్గించాయి గానీ, వాటి జాలీ తీగ మందం 130-140 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). ఏడాది దాటాక కూడా రక్తం గడ్డకట్టే బెడద ఉండేది. ఇప్పటివి చాలావరకు 60-90 మైక్రాన్లే. మన దేశంలోనే 1,830 మంది షుగర్ రోగులపై జరిగిన టక్సీడో పరీక్షలో (2015) ఏడాదికి పాక్లిటాక్సెల్ మందు పూసిన పాత స్టెంట్ 5.6 శాతం మందిలో విఫలమైతే, ఎవరోలిమస్ మందు పూసిన కొత్తది 2.9 శాతమే. తేడా అంటే అదండీ.

ఇక ఇప్పటి వాటిలో? 2019లో వచ్చిన టాలెంట్ పరీక్షలో సూరత్ కంపెనీ సుప్రాఫ్లెక్స్‌ని అమెరికన్ జైన్స్‌తో పోల్చారు. ఏరికోరి తీసుకున్న రోగులు కారు. గుండెపోటుతో వచ్చినవాళ్లతో సహా యూరప్‌లో 1,435 మంది. ఏడాదికి స్టెంట్ వైఫల్యం మనదానికి 4.9, జైన్స్‌కి 5.3 శాతం. ఆ 0.4 చూసి మనదే గొప్పని మీసం తిప్పకండి. మనది తీసిపోదని మాత్రమే తేలింది. ఆ మధ్య కరిగిపోయే స్టెంట్ అని ఊదరగొట్టారు గుర్తుందా? అమెరికాలో 2016లో అనుమతి, 2017లోనే అమ్మకం బంద్. తీగ 150 మైక్రాన్లు పైనే, రక్తం గడ్డలూ ఎక్కువే.

అసలు గొడవ వేసే తీరులో ఉంది. రక్తనాళంలో కాల్షియం గట్టిపడితే 3 మిల్లీమీటర్లకు విచ్చుకోవాల్సిన స్టెంట్ 2.5 దగ్గరే ఆగిపోతుంది. పోయింది అర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది, కానీ రక్తం పారే దారి సుమారు 30 శాతం తగ్గినట్టు. అందుకే ముందు ఆ కాల్షియాన్ని రోటాబ్లేటర్ అనే తిరిగే చిన్న బుర్రతో అరగదీయడమో, శబ్ద తరంగాల షాక్‌వేవ్ బెలూన్‌తో పగలగొట్టడమో చేయాలి. స్టెంట్ వేశాక గట్టి బెలూన్‌తో 16-20 అట్మాస్ఫియర్ల ఒత్తిడి పెట్టి పూర్తిగా విప్పాలి. యాంజియోలో నీడ మాత్రమే కనిపిస్తుంది, నాళం లోపల గోడకు స్టెంట్ ఆనిందో లేదో నాళం లోపలికి సన్నటి గొట్టం పంపి చూసే ఐవస్ (అల్ట్రాసౌండ్‌తో), ఓసీటీ (కాంతితో) పరీక్షల్లోనే తెలుస్తుంది. అడగాలనుకుంటే "ఐవస్ చూశారా, ఎంతకి విప్పారు?" అని అడగండి. డిశ్చార్జి ఫైల్లో స్టెంట్ స్టిక్కర్ అతికించారో లేదో చూసుకోండి: పేరు, వ్యాసం, పొడవు, లాట్ నంబరు. రెండోసారి యాంజియో చేసేవాళ్లకు అదే ఆధారం.

ఆపైన మాత్రలు. ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ గానీ టికాగ్రెలార్ గానీ, గుండెపోటు వచ్చినవాళ్లకు మామూలుగా ఏడాది, ముందే అనుకుని వేయించుకున్నవాళ్లకు ఆరు నెలలు. రక్తస్రావం భయముంటే డాక్టరే తగ్గిస్తారు. పన్ను పీకించుకోవాలని సొంతంగా ఆపేసేవాళ్లున్నారే, వాళ్లతోనే భయం. లోహం మీద నాళపు సొంత సన్నటి పొర పూర్తిగా కప్పకముందు మాత్ర ఆగితే గడ్డ కట్టి స్టెంట్ ఒక్కసారిగా మూసుకుపోవచ్చు. పన్ను మాత్రలు ఆపకుండానే తీయొచ్చు చాలాసార్లు, ముందు గుండె డాక్టర్ని అడగండి. లంకల్లో ఉండేవాళ్లయితే గోదారికి వరదొచ్చి పడవలు ఆగకముందే, జూలై మొదట్లోనే నెలకు సరిపడా మాత్రలు తెచ్చి డబ్బాలో పెట్టుకోండి.