లింకు డాక్యుమెంట్లలో దాగిన వంశవృక్షాలు

సర్ ఆర్థర్ వికార్స్ అనగానే ఐర్లాండ్‌లో ముందుగా గుర్తొచ్చేది ఒక దొంగతనం. 1907 జులైలో డబ్లిన్ కోటలో ఆయన సంరక్షణలో ఉన్న రాజాభరణాలు మాయమయ్యాయి. ఇప్పటికీ దొరకలేదు. మరుసటి ఏడాది ఉద్యోగం పోయింది. 1921 ఏప్రిల్‌లో, స్వాతంత్ర్య పోరు ఉద్ధృతంగా సాగుతుండగా, కెర్రీ కౌంటీలోని కిల్‌మోర్నాలో ఐఆర్‌ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ) దళం ఆయన ఉంటున్న భవంతిని తగలబెట్టి ఆయన్ను కాల్చి చంపింది. వంశచరిత్రలు తవ్వేవారు మాత్రం ఆయన్ను తలచుకునేది వేరే కారణంతో. 1897లో ఆయన ఒక జాబితా అచ్చు వేయించారు. 1536 నుంచి 1810 వరకు ప్రిరాగటివ్ కోర్టులో దాఖలైన వీలునామాల పట్టిక అది. ఒకటికి మించిన డయోసిస్‌లలో, అంటే బిషప్‌ల అధికార పరిధుల్లో, అయిదు పౌండ్లకు పైబడిన ఆస్తి ఉన్నవారి వీలునామాలే ఆ కోర్టుకు వెళ్లేవి. అంటే ఉన్నవాళ్ల పట్టిక. పేరు, ఊరు, హోదా, సంవత్సరం, అంతే. ఆయన పోయిన ఏడాదికి, 1922 జూన్ 30న, అంతర్యుద్ధంలో డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ ప్రాంగణంలోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలి కాలిపోయింది. వీలునామాలు బూడిదయ్యాయి. వికార్స్ పట్టిక మిగిలింది.

ఆ మంటల్లో 1821 నుంచి 1851 వరకు జరిగిన నాలుగు జనగణనల పత్రాలు దాదాపుగా పోయాయి. ఆంగ్లికన్ (ప్రొటెస్టెంట్) చర్చి రిజిస్టర్లు సగానికి పైగా పోయాయి. అన్నిటికీ ఆ అగ్గినే తిట్టడం న్యాయం కాదు. 1861, 1871 జనగణన పత్రాలను అంతకు ముందే ప్రభుత్వమే నాశనం చేయించింది. 1881, 1891 పత్రాలు మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కాగితం గుజ్జుకు వెళ్లాయి. నిప్పు చేసిన పనిని గుమాస్తా సంతకం కూడా అంతే తీరుగా చేయగలదు. దేశం మొత్తానికీ చెక్కుచెదరకుండా మిగిలిన అతి పాత జనగణన 1901 నాటిది.

అందుకే ఐర్లాండ్ మూలాలు వెతికేవారికి తరచూ వినబడే మాట, ‘అంతా కాలిపోయింది’ అని. అది సగం నిజం. భూస్వామ్య కుటుంబాల విషయంలో సగం కూడా కాదు. భూమి ఉన్నచోట తగాదా ఉంటుంది, తగాదా ఉన్నచోట నకలు ఉంటుంది. ఆ నకళ్లు ఫోర్ కోర్ట్స్‌లో ఒక్కచోటే లేవు. ఇంకా ముఖ్యమైన సంగతి, వంశాన్ని కీర్తించడానికి రాసిన పుస్తకం కన్నా పొలం మీద అనుమానంతో రాసిన కాగితమే ఎక్కువ నిజం చెబుతుంది. మన దగ్గర స్థలం కొనేముందు లింకు డాక్యుమెంట్లు తిరగేసే మనిషి చూపుతో చూడాలి ఐర్లాండ్ వంశవృక్షాలను.

ఆ చూపుకు సరిపోయే చోటు డబ్లిన్ హెన్రియెటా స్ట్రీట్‌లోని రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్. 1708లో పెట్టారు. దాని పుట్టుకే ఒక అనుమానం. కేథలిక్కులు భూములు కొనకూడదు, 31 ఏళ్లకు మించి కౌలుకు తీసుకోకూడదు అని చట్టం చేసిన ప్రొటెస్టెంట్ పార్లమెంటు, ఆ చట్టాన్ని దొంగచాటుగా ఎవరైనా దాటుతారేమోనని లావాదేవీలను నమోదు చేయించింది. నమోదు తప్పనిసరి కాదు. కానీ నమోదైన దస్తావేజుకు నమోదు కానిదాని మీద పైచేయి ఉండేది, కాబట్టి ఆస్తిపరులు వచ్చి చేరారు. అసలు దస్తావేజు యజమానికి తిరిగి వెళ్లిపోయేది. దాని సారాంశం, మెమోరియల్ అనే పత్రం, కార్యాలయంలో ఉండిపోయేది. దాన్ని గుమాస్తాలు పెద్ద పెద్ద సంపుటాల్లోకి ఎక్కించారు. ఒక్కో సంపుటం ఎంత బరువంటే, పరిశోధకులు వాటిని ‘సమాధిరాళ్లు’ అంటారు. ఆ మాటలో ఎగతాళి ఎంతో, నడుం నొప్పి అంత.

ఒక పెళ్లి ఒప్పందపు మెమోరియల్ ఎలా ఉంటుందో చూడండి. మొదటి పక్షం వరుడి తండ్రి, వరుడు. రెండో పక్షం వధువు తండ్రి, వధువు. మూడో పక్షం ధర్మకర్తలు, తరచుగా వధువు మేనమామో అన్నయ్యో. కట్నం ఎన్ని పౌండ్లు, అందుకు బదులుగా ఏయే టౌన్‌ల్యాండ్లను (ఐర్లాండ్‌లో అతి చిన్న భూవిభాగాలు) ధర్మకర్తల పేర పెట్టారు, భర్త పోతే వధువుకు ఏడాదికి ఎంత మనోవర్తి, పెద్ద కొడుకు కాని పిల్లలకు తలా ఎంత. చివర సాక్షులు, వాళ్ల ఊళ్లు, వృత్తులు. రెండు పేజీల్లో మూడు తరాలు, రెండు కుటుంబాలు వచ్చేస్తాయి.

అచ్చయిన వంశావళుల్లో కూతుళ్లు ‘మరికొందరు సంతానం’ కింద మాయమవుతారు. దస్తావేజులో మాయం కారు. ఎందుకంటే చెల్లెలికి ఇవ్వాల్సిన రెండు వేల పౌండ్లు ఆ భూమి మీద బాకీ. బాకీ తీరేదాకా ఆమె పేరు ప్రతి తనఖాలో, ప్రతి అమ్మకంలో వస్తూనే ఉంటుంది. పెళ్లయితే మొగుడి పేరుతో వస్తుంది. ముప్ఫై ఏళ్లకు ఆమె పిల్లలు దావా వేస్తే వాళ్ల పేర్లూ వస్తాయి. రిజిస్ట్రీ సూచికలు మాత్రం ఓపికను పరీక్షిస్తాయి. ఇచ్చినవారి పేరున ఒక సూచిక, భూమి పేరున ఒకటి ఉన్నాయి. పుచ్చుకున్నవారి పేరున లేదు. అందువల్ల కొన్నవాణ్ని పట్టాలంటే అమ్మినవాణ్ని ముందు ఊహించాలి.

కేథలిక్కులను భూములు కొనకుండా ఆపిన ఆ చట్టమే వంశవృక్షాల ఆకారాన్నీ మార్చింది. 1704 నాటి ఆ చట్టం ప్రకారం కేథలిక్కు చనిపోతే భూమి కొడుకులందరికీ సమానంగా పంచాలి. వినడానికి ఎంత న్యాయం! కానీ ప్రొటెస్టెంట్‌కు ఆ నియమం లేదు. పెద్ద కొడుకు మతం మారితే ఆస్తంతా అతనికే. ఎస్టేట్లు ముక్కలైతే కేథలిక్ పెద్ద కుటుంబాలు రెండు తరాల్లో చితికిపోతాయన్నది లెక్క. భూమిలో కేథలిక్కుల వాటా 1641లో సుమారు 59 శాతం, 1688 నాటికి 22, 1703లో 14. ఆ మిగిలిన 14 మీద గురిపెట్టిన చట్టమిది. ఆ తర్వాత మతం మారినవారి జాబితాలు, కన్వర్ట్ రోల్స్, వంశ పరిశోధకుడికి బంగారు గని అయ్యాయి. ఒకే కుటుంబంలో ఒక అన్న ఆంగ్లికన్, తమ్ముళ్లు కేథలిక్కులు అని కనబడితే భక్తి గురించి తర్వాత ఆలోచించవచ్చు, ముందు ఎకరాలు లెక్కపెట్టాలి.

ఒక్క ఎస్టేటును పట్టుకుని నడిస్తే ఇదంతా కళ్లకు కడుతుంది. గాల్వే కౌంటీ పడమటి అంచున, కనెమారాలోని బాలినహించ్. 17వ శతాబ్దం దాకా ఆ ప్రాంతం ఓఫ్లాహెర్టీల ఏలుబడి. ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ దండయాత్ర తర్వాత జప్తులు, పునఃపంపిణీలు. ఆ మార్పును ‘బుక్స్ ఆఫ్ సర్వే అండ్ డిస్ట్రిబ్యూషన్’ దస్త్రాలు పక్కపక్కనే రాసి చూపిస్తాయి. ఒక వైపు 1641 నాటి యజమాని, ఇంకో వైపు కొత్త యజమాని, మధ్యలో టౌన్‌ల్యాండ్ పేరు. భూమి అదే, మనిషి మారాడు. కనెమారాలో కొత్త పేరు మార్టిన్. గాల్వే నగరంలోని 14 వర్తక కుటుంబాల్లో ఒకటి.

ఆ ఇంటి కేథలిక్కులు ఎన్నో దశాబ్దాలు నెట్టుకొచ్చారు. చివరికి 1754లో పుట్టిన రిచర్డ్ మార్టిన్‌ను తండ్రి ప్రొటెస్టెంట్‌గా పెంచారు, పార్లమెంటులో కూర్చోవాలంటే అదొక్కటే దారి. కూర్చున్నాడు కూడా. 1822లో పశువులను హింసించకుండా చట్టం తెచ్చింది ఈయనే. అప్పులు మాత్రం ఎస్టేటు కన్నా వేగంగా పెరిగాయి. పార్లమెంటు సీటు పోగానే, అప్పులవాళ్లు పట్టుకోకుండా ఫ్రాన్స్‌లోని బులోన్‌కు వెళ్లిపోయి 1834లో అక్కడే కన్నుమూశాడు. కొడుకు థామస్ 1847లో, కరవు ఉచ్చస్థితిలో, జ్వరంతో పోయాడు. ఆ జ్వరం తన కౌలుదార్లను పొట్టన పెట్టుకున్నదే. వారసురాలు కూతురు మేరీ లెటీషియా. దాదాపు రెండు లక్షల ఎకరాలు, అన్నీ లా లైఫ్ అనే లండన్ బీమా కంపెనీకి తనఖా. ఆమె పెళ్లాడిన ఆర్థర్ గాన్ బెల్ మార్టిన్ ఇంటిపేరు కలుపుకున్నాడు. 1850లో ఇద్దరూ ఓడెక్కి అమెరికా బయల్దేరారు. ప్రయాణంలోనే ప్రసవమై, న్యూయార్క్ చేరిన కొద్ది రోజులకే ఆమె చనిపోయింది.

ఎస్టేటు ఎన్‌కంబర్డ్ ఎస్టేట్స్ కోర్టుకు వెళ్లింది. మన సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల్లో జనం తీసుకునే ‘ఈసీ’లో ఉన్నది ఇదే మాట, భూమి మీది భారం. 1849లో పెట్టిన ఈ కోర్టు అప్పుల్లో మునిగిన ఎస్టేట్లను కొత్తవారికి శుద్ధమైన హక్కుతో అమ్మేది. ప్రతి అమ్మకానికీ ఒక పుస్తకం అచ్చయ్యేది. అందులో పటం, ప్రతి కౌలుదారు పేరు, అతను కట్టే శిస్తు, కౌలు ఎవరి జీవితకాలం దాకా నడుస్తుందో ఆ వ్యక్తుల పేర్లు ఉండేవి. ఐర్లాండ్‌లో కౌలు చాలాసార్లు ‘ముగ్గురి ప్రాణాల మీద’ రాసేవారు. ఆ ముగ్గురూ తరచూ కౌలుదారు పిల్లలే. అలా భూస్వామి దివాలా పుస్తకంలో కౌలుదారు వంశం దొరుకుతుంది.

బాలినహించ్‌ను లా లైఫ్ కంపెనీయే దక్కించుకుంది. 1850ల్లో అచ్చయిన గ్రిఫిత్ వాల్యుయేషన్‌లో, అంటే పన్ను కోసం భూముల విలువ కట్టిన జాబితాలో, భూయజమాని గడిలో మనిషి పేరు కాదు, ఆ కంపెనీ పేరే కనబడుతుంది. తర్వాత 1872లో రిచర్డ్ బెరిడ్జ్ అనే లండన్ బీరు వ్యాపారి కొన్నాడు. 1924లో ఆ కోట కొన్నదెవరో తెలుసా? నవానగర్ జామ్‌సాహెబ్ రంజీత్‌సింహ్‌జీ, మన రంజీ ట్రోఫీ రంజీ. దత్తత తగాదాల్లో ఏళ్ల తరబడి నలిగి 1907లో గద్దెనెక్కిన మనిషికి, చిక్కుపడ్డ వారసత్వాల ఆ ఇల్లు నచ్చడంలో వింతేముంది?

ఇంటిపేరును నమ్మి మోసపోవడం ఈ పనిలో మొదటి పొరపాటు. బెల్ మార్టిన్ అయినట్టే, కోలీ వెల్స్లీ అయ్యాడు. మీత్ కౌంటీ డాంగన్‌లో గారెట్ వెస్లీ 1728లో సంతానం లేకుండా పోతే, ఆస్తి బంధువు రిచర్డ్ కోలీకి వచ్చింది, పేరు మార్చుకోవాలన్న షరతుతో. ఆ వెస్లీయే మనవళ్ల కాలానికి వెల్స్లీ అయింది. ఆ మనవళ్లలో ఒకరు వాటర్‌లూ విజేత ఆర్థర్. ఇంకొకరు గవర్నర్ జనరల్ రిచర్డ్, ఆయన హయాంలోనే 1800లో నిజాం కడప, అనంతపురం, బళ్లారి ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. ఇంటిపేరే దత్తుగా వచ్చిన కుటుంబం చేతికి దత్తమండలాలు వచ్చాయన్నమాట. భూమి పోగొట్టుకున్న ఐరిష్ వంశమూ మన చరిత్రలో ఉంది. 1758లో ఫ్రెంచి సేనాని బుస్సీని హైదరాబాదు నుంచి వెనక్కి పిలిచి ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివారి పట్టు సడలడానికి కారణమైన లాలీ, ఫ్రాన్స్‌కు వలసపోయిన గాల్వే కుటుంబం బిడ్డ. కనిష్ఠ పుత్రులు కంపెనీ కొలువుకు వస్తే వారి పెళ్లిళ్లు, మరణాలు ఐర్లాండ్‌లో కాదు, లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని మద్రాసు చర్చి రిజిస్టర్లలో దొరుకుతాయి.

ఇక కీర్తించే పుస్తకాల సంగతి. బర్క్ కుటుంబం 1826 నుంచి అచ్చువేసిన ప్రభువుల, భూస్వాముల వంశావళుల్లో సమాచారం చాలావరకు ఆయా కుటుంబాలు ఇచ్చుకున్నదే. నార్మన్ వీరుడితో మొదలవని వంశం తక్కువ. వాటిని పారేయమనడం లేదు, దస్తావేజుతో సరిచూడమంటున్నాను. అధికార ముద్ర పడ్డా ఇంతే. 1992లో ఐరిష్ ప్రభుత్వ వంశావళి కార్యాలయం ఒక వ్యక్తిని మెకార్తీ వంశ నాయకుడిగా గుర్తించింది. ఆ వంశావళి కల్పితమని బయటపడి 1999లో ఆ గుర్తింపు రద్దయింది. 2003లో అలా గుర్తించే ఆనవాయితీనే ప్రభుత్వం మానేసింది. మంచి పని చేసింది.

‘భూస్వాముల తాతల లెక్కలు మనకెందుకు?’ అని ఐర్లాండ్‌లోనే అడిగేవారున్నారు. ఆ కోపం అర్థమవుతుంది. 1920-23 మధ్య వందల కొద్దీ పెద్ద భవంతులు తగలబడ్డాయి, ఎన్నింటిలోనో పత్రాలు సహా. కానీ రాస్‌కామన్ కౌంటీ స్ట్రోక్స్‌టౌన్ సంగతి చూడండి. 1847లో ఆ ఎస్టేటు యజమాని డెనిస్ మాహన్ 1,490 మందిని ఖాళీ చేయించి కెనడా ఓడలు ఎక్కించాడు. దారిలోనే చాలామంది చచ్చిపోయారు. అదే ఏడాది నవంబరులో ఆయన్ను ఎవరో కాల్చి చంపారు. తర్వాత శతాబ్దానికి పైగా ఆ ఇంట్లో పడి ఉన్న కాగితాలను, ఎస్టేటు కొన్న స్థానిక వ్యాపారి చెత్తలో వేయకుండా చదివాడు. వాటిలో క్లూనహీ కౌలుదార్లు 1846లో పెట్టుకున్న అర్జీ ఉంది. ఆ పత్రాల పుణ్యమే 1994లో అక్కడ వెలసిన కరవు మ్యూజియం. పేదవాడి పేరు మిగిలింది భూస్వామి పెట్టెలోనే.

అలాంటి పెట్టెలన్నిటికీ అమ్మలాంటిది ఐరిష్ ల్యాండ్ కమిషన్ దస్త్రం. 1903 చట్టం కింద ప్రభుత్వం కౌలుదార్లకు అప్పిచ్చి ఎస్టేట్లు కొనిపించింది, అమ్మిన భూస్వామికి 12 శాతం బోనస్ కూడా ఇచ్చింది. అమ్మాలంటే హక్కు నిరూపించుకోవాలి కదా? అందుకని రెండు మూడు శతాబ్దాల లింకు డాక్యుమెంట్లన్నీ తెచ్చి అప్పగించారు. ఆ లక్షలాది పత్రాలు వ్యవసాయ శాఖ అధీనంలో పోర్ట్‌లీష్‌లో ఉన్నాయి. సాధారణ పరిశోధకులకు చాలాకాలంగా తలుపులు మూసే ఉంచారు. 2022లో, అగ్గికి నూరేళ్లయిన సందర్భంగా, డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ ఆధ్వర్యంలో వర్చువల్ రికార్డ్ ట్రెజరీ తెరుచుకుంది. ప్రపంచమంతా వెతికి నకళ్లు తెచ్చి, కాలిన కార్యాలయాన్ని కంప్యూటర్ తెర మీద తిరిగి కట్టారు. అద్భుతమైన పనే. కాలిపోయినవాటి నకళ్ల కోసం ఖండాలు దాటిన ప్రభుత్వం, కాలనివాటి కోసం డబ్లిన్ నుంచి గంట ప్రయాణం చేయడానికి ఎందుకు తటపటాయిస్తోంది?

భూమి పంపకం మీద ఇంకా ఊళ్లలో మనసులు మండుతున్నాయన్నది తెరవకపోవడానికి తరచూ వినిపించే సమాధానం. ఎవరికి ఎంత దక్కింది, ఎవరి పేరు జాబితాలోంచి తప్పించారు అన్నవి ఆ పెట్టెల్లో ఉన్నాయి. అవి చదవాల్సిన మనవళ్లు, మనవరాళ్లు ఇప్పుడు ఎనభైల్లో ఉన్నారు.