నోకియా సీఈఓ ఏడుపు ఫార్వర్డ్ మళ్ళీ వచ్చింది

ఫ్యామిలీ గ్రూపులో బాబాయ్ మళ్ళీ పెట్టాడు. మైక్రోసాఫ్ట్ నోకియాని కొనేసిన రోజు సీఈఓ "మేం ఏ తప్పూ చెయ్యలేదు, అయినా ఎందుకో ఓడిపోయాం" అని ఏడ్చేశాడంట, కాలంతో పాటు మారకపోతే మన గతీ అంతేనంట.

బాబాయ్, కోప్పడకు గానీ, ఆ డైలాగ్‌కి ఆధారం ఏ ఫార్వర్డ్‌లోనూ ఉండదు. ఆ సీఈఓ స్టీఫెన్ ఎలాప్ 2010లో మైక్రోసాఫ్ట్ నుంచే వచ్చాడు, 2013లో అమ్మకం ప్రకటించాక మళ్ళీ అక్కడికే పోయాడు, పోతూ పోతూ దాదాపు 2.42 కోట్ల యూరోలు పట్టుకెళ్ళాడు. తప్పు చెయ్యలేదని అనడం కాదు, 2011లో ఉద్యోగులకి రాసిన మెమోలో మంటల మీద మనమే పెట్రోల్ పోసుకున్నాం అని రాసింది ఆయనే.

ఇక మారలేదు అనేది. 1865లో ఫిన్లాండ్‌లో కాగితం గుజ్జు మిల్లుగా మొదలై, రబ్బరు బూట్లు, కేబుళ్ళు, టీవీలు అన్నీ చేసి 1998కల్లా ఫోన్లలో మోటరోలాని దాటేసిన కంపెనీ అది. టచ్ ఫోన్ కూడా 7710 అని 2004లోనే ప్రకటించారు, ఐఫోన్‌కి రెండేళ్ళకి పైగా ముందే. నువ్వు రాత్రిపూట కరెంటొస్తే టార్చ్ వేసుకుని మోటార్ దగ్గరికెళ్ళిన ఆ 1100 ఉంది చూడు, ప్రపంచంలో 25 కోట్లు అమ్ముడుపోయింది.

దెబ్బ కొట్టింది సాఫ్ట్‌వేర్. నోకియా స్మార్ట్‌ఫోన్లని నడిపించే సింబియన్ అనే సాఫ్ట్‌వేర్ పాతబడిపోయింది, దాని బదులు మీగో అని ఒకటి చేస్తూ ఉండగానే 2011 ఫిబ్రవరిలో ఎలాప్ ఇకమీదట మా స్మార్ట్‌ఫోన్లు మైక్రోసాఫ్ట్ వాళ్ళ విండోస్ మీదే అని చెప్పేశాడు, అప్పటికి చేతిలో ఒక్క విండోస్ ఫోన్ కూడా రెడీగా లేదు, షాపుల నిండా సింబియన్ సరుకే, కొట్టు మూసేస్తున్నాం అని బోర్డు పెట్టాక ఎవడు కొంటాడు చెప్పు? నోకియా ఆండ్రాయిడ్ అసలు ముట్టుకోలేదని కూడా అంటుంటారు, అదీ తప్పే, 2014లో ఆండ్రాయిడ్‌తోనే నోకియా ఎక్స్ అనే ఫోన్ వచ్చింది, కాకపోతే అందులో ప్లే స్టోర్ లేదు.

కంపెనీ మొత్తం అమ్ముడుపోలేదు కూడా. ఫోన్ల డివిజన్, పేటెంట్ల లైసెన్సు కలిపి 544 కోట్ల యూరోలకి ఇచ్చారు, 2015లో మైక్రోసాఫ్టే 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేసుకుంది. నోకియా నెట్‌వర్క్ సామాన్లతో నడుస్తూనే ఉంది, ఎయిర్‌టెల్, జియో 5జీకి ఇచ్చేవాళ్ళలో అదొకటి.

ఏడుపే కావాలంటే చెన్నై పక్కన శ్రీపెరంబుదూర్ నోకియా ఫ్యాక్టరీ సంగతి పెట్టు బాబాయ్. ట్యాక్స్ గొడవలో ఇరుక్కుని అది మైక్రోసాఫ్ట్ డీల్‌లోకి పోలేదు, 2014 నవంబర్ 1న ఆపేశారు, అందులో పనిచేసినోళ్ళ మీద ఒక్క ఫార్వర్డ్ కూడా రాలేదు.