ఉక్కు చదువు గడ్డికి చాలదు

ఇరవయ్యో శతాబ్దపు 20 గొప్ప ఇంజినీరింగ్ విజయాలేమిటో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ ఇంజినీరింగ్ 2000లో ఒక జాబితా వేసింది. అందులో వ్యవసాయ యాంత్రీకరణది 7వ స్థానం, కంప్యూటర్లది 8వ స్థానం. ఇంజినీరింగ్ సీటు కోసం చూస్తున్న విద్యార్థికి ఈ వరుస చెబితే నమ్మడం కష్టం. వ్యవసాయం, ఆహారం, జీవ ఇంధనం కలిపి నేర్పే ఇంజినీరింగ్ కోర్సు అంటే మరో సీటు దొరకనివాళ్లు చేరేదన్న చిన్నచూపు అంతగా పాతుకుపోయింది. నిజానికి ఇంజినీరింగ్‌లో ఇంతకంటే కష్టమైన శాఖ మరొకటి లేదు. దీన్ని ముక్కలు చేయకుండా, చేతులకు మట్టి అంటేలా నేర్పాలి.

ఉక్కు కడ్డీ బలం ఈరోజు కొలిచినా వచ్చే ఏడాది కొలిచినా ఒకటే. ధాన్యం అలా కాదు. కోసిన తర్వాత కూడా అది శ్వాసిస్తుంది, వేడి పుట్టిస్తుంది. ఒక లోడులో ఉన్న తేమ పక్క లోడులో ఉండదు. వరి ధాన్యాన్ని యంత్రంలో ఆరబెట్టడమే చూడండి. గాలి మరీ వేడెక్కితే గింజ పైపొర ముందే ఎండి, లోపల తేమ అలాగే ఉండిపోతుంది. ఆ తేడాకు గింజలో పగుళ్లు వస్తాయి, మిల్లులో నూక పెరుగుతుంది. నెమ్మదిగా ఆరబెడదామంటే బూజు పడుతుంది. కొన్ని బూజులు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతాయి, అది వండినా పూర్తిగా పోదు. అందుకే కాసేపు ఆరబెట్టి, ఆపి, లోపలి తేమ పైకి సర్దుకునేదాకా గింజను ఊరకే ఉంచి, మళ్లీ ఆరబెడతారు. ఎప్పుడు ఆపాలి, ఎంతసేపు ఉంచాలి అన్న లెక్కలో ఉష్ణ బదిలీ, గాలిలో తేమ, గింజ నిర్మాణం, సూక్ష్మజీవుల ప్రవర్తన అన్నీ ఉన్నాయి. కోతకూ దుకాణానికీ మధ్య ప్రపంచ ఆహారంలో దాదాపు 14 శాతం పోతోందని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2019లో అంచనా వేసింది. ఆ నష్టంలో కొంత భాగం ఇలాంటి నిర్ణయాల దగ్గరే జరుగుతుంది.

వ్యర్థాలను గాలి తగలకుండా కుళ్లబెట్టి గ్యాస్ తీసే తొట్టి, అంటే బయోగ్యాస్ డైజెస్టర్‌దీ ఇదే తీరు. ఒక్కసారిగా ఎక్కువ ఆహార వ్యర్థం వేస్తే ఆమ్లాలు పేరుకుంటాయి, మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి, గ్యాస్ ఆగిపోతుంది. మళ్లీ దారికి రావడానికి వారాలు పట్టవచ్చు.

ఈ చదువును చిన్నచూపు చూసినందుకు ఎంత మూల్యం చెల్లించాల్సి వస్తుందో చెప్పే అధ్యాయం మొక్కజొన్న చొప్ప నుంచి ఇథనాల్ తీసే ప్రయత్నం. 2022 నాటికి ఏటా 1,600 కోట్ల గ్యాలన్ల సెల్యులోజ్ ఇంధనం (చొప్ప లాంటి మొక్కల పీచు నుంచి తీసేది) రావాలని అమెరికా 2007లో చట్టం చేసింది. కాన్సాస్‌లోని హ్యూగోటన్‌లో, అయోవాలోని ఎమ్మెట్స్‌బర్గ్, నెవాడా పట్టణాల్లో 2014, 2015లలో భారీ కర్మాగారాలు మొదలయ్యాయి. 2020 ముగిసేసరికి మూడింట్లో ఒక్కటీ ఆ ఇథనాల్ తీయడం లేదు. ఉత్పత్తి లక్ష్యం దరిదాపులకు కూడా చేరలేదు. యాజమాన్యాల అప్పులు, విలీనాలు, విధానాల తడబాటు కూడా కారణాలే, కాదనను. కానీ ఎంజైములు చొప్పను చక్కెరగా మార్చగలవని ప్రయోగశాల అప్పటికే తేల్చింది. ఈ తరహా కర్మాగారాలను పీడించింది అంతకు ముందరి మెట్టు. చొప్ప మోపులతో పాటు వచ్చిన ఇసుక యంత్రాలను అరగదీసింది, పీచు దాన్ని లోపలికి నెట్టే స్క్రూలలో ఇరుక్కుంది, ఒక మోపు తడిగా మరొకటి పొడిగా వచ్చింది. ద్రవాలతో నడిచే కర్మాగారాలతో పోలిస్తే ఘనపదార్థాలతో నడిచేవి తరచూ డిజైన్ సామర్థ్యానికి చాలా దిగువనే ఉండిపోతాయని అమెరికా పరిశోధన సంస్థ రాండ్ అధ్యయనాలు 1980లలోనే చెప్పాయి. పొలంలో మోపు ఎలా కట్టారో, కర్మాగారంలో స్క్రూ ఎందుకు ఆగిందో రెండూ తెలిసిన మనిషి అక్కడ అవసరం. ఆ రెంటినీ కలిపి నేర్పేది ఈ కోర్సే.

మెకానికల్ గానీ కెమికల్ గానీ చదివి తర్వాత ఇటు రావచ్చు కదా, ఉద్యోగ అవకాశాలూ విస్తారంగా ఉంటాయి కదా అంటారు. అలా వచ్చి రాణించినవాళ్లు లేకపోలేదు. అయితే స్థిరమైన పదార్థాన్ని ఊహించుకుని లెక్క వేయడం నాలుగేళ్లలో అలవాటైపోతుంది. ఆ అలవాటు పోవడానికి మరో నాలుగేళ్లు పడుతుంది, ఆ ఖర్చు మొదటి యజమాని నెత్తిన పడుతుంది.

అసలు జబ్బు విశ్వవిద్యాలయం గోడలు దాటి ఉంది. కొత్తది కనిపెట్టినవాడికే ప్రభుత్వాలు డబ్బిస్తాయి, కనిపెట్టినదాన్ని రోజూ ఆగకుండా నడిపేవాడికి ఇవ్వవు. హరిత ఇంధన ప్రకటనల్లో ఎన్ని గ్యాలన్లో, ఎన్ని మెగావాట్లో ఉంటుంది. వాటిని నడపడానికి ఎంతమందికి శిక్షణ ఇస్తారో ఉండదు. విశ్వవిద్యాలయాలూ ఆ గాలికే కొట్టుకుపోతున్నాయి. డ్రోన్లు, సెన్సర్లు ప్రవేశాల కరపత్రంలో అందంగా కనిపిస్తాయి, డైజెస్టర్ కనిపించదు. సెన్సర్ వద్దని కాదు. తేమ ఎంతో అది చెబుతుంది, ఆ తేమతో ఏం చేయాలో చెప్పాల్సింది మనిషే.

కాబట్టి పాఠ్యప్రణాళికలో రెండు పనులు తప్పనిసరి చేయాలి. ప్రతి విద్యార్థీ ఒక కోతకాలమంతా ఆరబెట్టే యంత్రాన్ని తానే నడపాలి, మంచి లోడుతో పాటు తడిసిన లోడును కూడా. తర్వాత ఒక చిన్న డైజెస్టర్‌ను కావాలనే చెడగొట్టి, కారణం పట్టుకుని, మళ్లీ గ్యాస్ వచ్చేదాకా బాగుచేయాలి. ఈ రెండూ చేయనివాళ్లకు పట్టా ఇవ్వకూడదు.